ఫిల్మ్ కాలపు ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌లో ఏ సౌకర్యానికి ఎంత విలువ ఇవ్వాలి?

వెలుగునీడ:

సభ్యులకు నమస్కారం. నేను చాలా ఏళ్లుగా నికాన్ ఎఫ్ఎమ్2తోనే 35 మి.మీ. ఫిల్మ్ మీద ఫోటోలు తీస్తున్నాను. నా లెన్సులన్నీ చేత్తో ఫోకస్ చేసే ఏఐ, ఏఐ-ఎస్ రకానివే. ఈ మధ్య చూపు మందగించడం వల్ల, ఇంట్లో తక్కువ వెలుతురులో పరుగులు తీసే పిల్లలను తీసేటప్పుడు ఫోకస్ తరచుగా తప్పుతోంది. అందుకని 1985 తరువాత వచ్చిన ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్ (అద్దం సాయంతో లెన్సు గుండానే చూసే కెమెరా) ఫిల్మ్ బాడీ ఒకటి తీసుకోవాలని ఉంది. పిల్లల ఫోటోలకు నెగటివ్ ఫిల్మ్, కొండలూ చెరువులూ వంటి ప్రకృతి దృశ్యాలకు ట్రైపాడ్ మీద స్లైడ్ ఫిల్మ్ వాడతాను. పాత ప్రకటనలు తిరగేస్తే ఫోకస్ బిందువుల సంఖ్య, సెకనుకు ఫ్రేముల సంఖ్య, సెకనులో 8000వ వంతు షట్టర్ అంటూ అన్నీ అంకెలే కనిపిస్తున్నాయి. వీటిలో నా పనికి నిజంగా అక్కరకు వచ్చేవి ఏవో, కేవలం ప్రకటన కోసం రాసినవి ఏవో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పెంటాప్రిజం:

వెలుగునీడ గారూ, బాడీ సౌకర్యాల జాబితా పక్కన పెట్టి ముందు మౌంటు (లెన్సు బాడీకి బిగిసే చోటు) సంగతి తేల్చుకోండి. ఫోకస్ మోటారును బాడీలోనే అమర్చిన తొలి విజయవంతమైన ఎస్ఎల్ఆర్ 1985లో వచ్చిన మినోల్టా 7000. దాని కోసం ఆ సంస్థ కొత్త మౌంటు తెచ్చి, పాత లెన్సులున్న వారిని వదిలేసింది. కానన్ కూడా 1987లో ఈఓఎస్ 650తో ఎఫ్‌డీ మౌంటుకు స్వస్తి చెప్పింది. కొత్త ఈఎఫ్ మౌంటులో బాడీకీ లెన్సుకూ మధ్య కదిలే మీటలేవీ ఉండవు. ఫోకస్ మోటారు, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) నడిపే యంత్రాంగం రెండూ లెన్సులోనే ఉంటాయి, సమాచారమంతా విద్యుత్ స్పర్శల గుండా సాగుతుంది. అందువల్ల ఆనాటి ఈఓఎస్ బాడీకి ఈఎఫ్ లెన్సు ఏది తగిలించినా దాదాపుగా నిశ్చింతగా వాడుకోవచ్చు.

నికాన్ మాత్రం 1959 నాటి ఎఫ్ మౌంటునే నిలుపుకొని, 1986లో ఎఫ్-501తో బాడీలో మోటారు పెట్టి, మౌంటు అంచున ఉన్న చిన్న స్క్రూతో లెన్సును తిప్పే పద్ధతి ఎంచుకుంది. పాత లెన్సులున్న వారికి ఇది మేలే చేసింది గాని, ఏ బాడీలో ఏ లెన్సు ఎంతవరకు పనిచేస్తుందన్నది చిక్కుముడిగా మారింది. లెన్సులోనే మోటారున్న ఏఎఫ్-ఎస్ రకం ఎఫ్-501, ఎఫ్-801 బాడీల్లో ఆటోఫోకస్ చేయదు. ఎఫ్4, ఎఫ్90 బాడీల్లో చేస్తుంది గాని, వాటిలో వీఆర్ అనే కుదుపు నివారణ పనిచేయదు. ఎఫ్5, ఎఫ్100, ఎఫ్80 బాడీల్లో రెండూ పనిచేస్తాయి. అపర్చర్‌ను విద్యుత్తుతో నడిపే ఇటీవలి ‘ఈ’ (E) అక్షరపు రకం లెన్సులు ఏ ఫిల్మ్ బాడీలోనూ సరిగా పనిచేయవు కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. ఇక మీ ఏఐ లెన్సులు తగిలిస్తే ఎఫ్80లో వెలుతురును కొలిచే మీటరే పనిచేయదు. ఎఫ్100లో సెంటర్ వెయిటెడ్ (నడిమి భాగానికి ఎక్కువ విలువ ఇచ్చేది), స్పాట్ (చిన్న చోటునే కొలిచేది) మీటరింగులు పనిచేస్తాయి. ఎఫ్4 అయితే ఆ పాత లెన్సులకు మ్యాట్రిక్స్ మీటరింగు (ఫ్రేమును ముక్కలుగా విడగొట్టి కొలిచేది) కూడా ఇస్తుంది. నా ఓటు ఎఫ్100కే.

మూడోకన్ను:

మౌంటు గురించి పెంటాప్రిజం గారు చెప్పింది సమంజసమే. అయితే ప్రశ్న ఫోకస్ తప్పుతోందని కనుక, ఫోకస్ ఎలా కుదురుతుందో తెలిస్తే ఆ బిందువుల లెక్కకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

లెన్సు తీసి, బొమ్మను వ్యూఫైండర్‌కు పంపే ఏటవాలు అద్దాన్ని వేలు తగలకుండా జాగ్రత్తగా గమనించండి. దాని నడిమి భాగం పూర్తి అద్దం కాదు, కొంత వెలుతురును వెనక్కి వదులుతుంది. దాని వీపున మరో చిన్న అద్దం కిందికి వాలి ఉంటుంది. ఆ వెలుతురు దాని మీద పడి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ యూనిట్‌లోకి దిగుతుంది. అక్కడ రెండు బుల్లి కటకాలు లెన్సు రెండు అంచుల నుంచి వచ్చిన కిరణాలను వేరు చేసి, గీతలాంటి సెన్సర్ మీద రెండు ప్రతిబింబాలు పడేస్తాయి. ఆ రెంటి మధ్య దూరం ఉండవలసిన దానికంటే తగ్గితే ఫోకస్ ఒక వైపు, పెరిగితే మరో వైపు తప్పినట్టు లెక్క. తప్పు ఏ దిశలో ఉందో, ఎంత ఉందో ఒక్క కొలతతోనే తెలియడం వల్ల మోటారు తడుముకోకుండా నేరుగా సరైన చోటికి వెళుతుంది.

దీని నుంచి రెండు విషయాలు తేలుతాయి. ఒకటి, నిలువు గీతలాంటి సెన్సర్‌కు అడ్డగీతలున్న వస్తువే కనబడుతుంది, అడ్డ సెన్సర్‌కు నిలుగీతలే కనబడతాయి. రెంటినీ పట్టుకోగలిగేది క్రాస్ రకం బిందువు. అందువల్ల క్రాస్ రకం కాని నలభై బిందువులకంటే, నడుమ ఉన్న ఒక్క మంచి క్రాస్ బిందువు ఎక్కువసార్లు ఆదుకుంటుంది. రెండు, ఈ పద్ధతి సాధారణంగా ఎఫ్/5.6 లేదా అంతకంటే వెడల్పైన లెన్సును (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెడల్పు పెరుగుతుంది) కోరుతుంది. చీకటి గదిలో ఎఫ్/5.6 జూమ్ తగిలించి ఆటోఫోకస్ తడబడుతోందని బాడీని నిందించే వారిని ఈ వేదికలోనే చూశాను. అదే బాడీకి 50 మి.మీ. ఎఫ్/1.8 తగిలిస్తే సెన్సర్‌కు కావలసిన కిరణాలు అంచుల్లో తెగకుండా అందుతాయి, వ్యూఫైండర్ కూడా వెలిగిపోతుంది.

ఇంకొక మాట. ఈ సగం పారదర్శకమైన అద్దం వల్లనే ఆటోఫోకస్ కెమెరాలకు సర్క్యులర్ పోలరైజర్ కావాలంటారు. మామూలు లీనియర్ పోలరైజర్ పెడితే మీటరూ ఫోకసూ రెండూ తప్పుదారి పట్టవచ్చు. ఎఫ్ఎమ్2 కోసం కొన్న పోలరైజర్ ఏ రకమో వెలుగునీడ గారు ఒకసారి చూసుకోవాలి.

వెలుగునీడ:

మూడోకన్ను గారికి కృతజ్ఞతలు. నా పోలరైజర్ లీనియర్ రకమే, మార్చుకుంటాను. మౌంటు మార్చేందుకు కూడా నేను సిద్ధమేనని అనుకోండి. అప్పుడు 45 బిందువులున్న ఈఓఎస్ 3, కంటి చూపుతో బిందువును ఎంచుకునే దాని పద్ధతి పిల్లలను వెంటాడటానికి బాగుంటాయేమో కదా?

దూరదృష్టి:

కంటి చూపుతో ఫోకస్ బిందువును ఎంచుకునే పద్ధతి తొలిసారి 1992లో ఈఓఎస్ 5లో వచ్చింది. అందులో ఐదే బిందువులు, అదీ కెమెరాను అడ్డంగా పట్టుకున్నప్పుడే పనిచేసేది. 1998లో వచ్చిన ఈఓఎస్ 3 దానిని 45 బిందువులకు విస్తరించింది. వ్యూఫైండర్ పక్కనున్న పరారుణ దీపాలు కంటి మీద పడతాయి, కంటి నుంచి తిరిగి వచ్చే మెరుపును, కనుపాప స్థానాన్ని ఒక సెన్సర్ చదివి, మీరు ఫ్రేములో ఎటు చూస్తున్నారో అంచనా వేస్తుంది. వాడేముందు కెమెరాకు మీ కంటిని అలవాటు చేయాలి. వేర్వేరు వెలుతురుల్లో పలుమార్లు అలవాటు చేసేకొద్దీ అంచనా మెరుగుపడుతుంది. కుదిరిన వారికి ఇది అద్భుతం. కానీ కళ్లద్దాలు, ముఖ్యంగా రెండు పవర్లున్న అద్దాలు పెట్టుకునే వారికి అద్దం మీది మెరుపు అడ్డుపడి, బిందువు పక్కకు జారడం సాధారణం. చూపు మందగించిందన్నారు కాబట్టి మీకు కళ్లద్దాలు ఉండే ఉంటాయి. అలా అయితే ఈ ఒక్క సౌకర్యం కోసం మౌంటు మార్చమని నేను చెప్పను.

పరుగెత్తే పిల్లల విషయంలో బిందువుల సంఖ్య కంటే ముఖ్యమైనది నిరంతర ఫోకస్‌లో కెమెరా వేసే ముందస్తు అంచనా. మీట నొక్కిన తరువాత అద్దం లేచి షట్టర్ తెరుచుకునేలోగా పిల్లవాడు కొంత ముందుకు వస్తాడు. మంచి బాడీ అతని వేగాన్ని లెక్కించి లెన్సును ఆ రాబోయే చోటికే తీసుకువెళుతుంది. తొలి తరం బాడీల్లో ఇది లేదు. తొంభైల మధ్య నాటికి బాగా పదునెక్కింది.

చీకటిగది:

మిత్రులందరూ ఫోకస్ చుట్టూనే తిరుగుతున్నారు. స్లైడ్ ఫిల్మ్ వాడే మనిషికి మీటరు కంటే ముఖ్యమైనది మరొకటి లేదని నా అభిప్రాయం. నెగటివ్ రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) ఎక్కువైనా ఓర్చుకుంటుంది. స్లైడ్‌కు అర స్టాపు తప్పినా తేడా కళ్లకు కడుతుంది, ఆకాశం ఒకసారి తెల్లబోతే ఇక తిరిగి రాదు.

ఫ్రేమును ముక్కలుగా విడగొట్టి కొలిచే పద్ధతి నికాన్ 1983లో ఎఫ్ఏతోనే తెచ్చింది, అది ఆటోఫోకస్ కెమెరా కాదు. 1996లో వచ్చిన ఎఫ్5 మీటరు 1005 పిక్సెళ్లతో రంగును కూడా చూడగలిగేది. ఎఫ్100లో పది ముక్కల మ్యాట్రిక్స్ ఉంది. ఈఓఎస్-1వీలో 21 ముక్కలు ఉన్నాయి. ఈ అంకెల తేడా ఎంత ఉన్నా, కెమెరా ఏమనుకుందో మనకు చెప్పకపోవడం వీటన్నిటిలో ఉమ్మడి లోపం. మంచు కప్పిన కొండ ముందు మ్యాట్రిక్స్ తనంతట తాను ఒక స్టాపు పెంచిందో లేదో తెలియక, మనం మరో స్టాపు పెంచితే స్లైడ్ పాడవుతుంది. అందుకే నేను స్లైడ్‌కు స్పాట్ మీటరే వాడతాను. వెలుతురు పడిన రాతిని కొలిచి, దాన్ని ఎక్కడ నిలపాలో నేనే నిర్ణయించుకుంటాను. స్పాట్ మీటరు, దాన్ని పట్టి ఉంచే ఏఈ లాక్ మీట బొటనవేలికి అందే చోట ఉన్నాయా లేవా అన్నది ఫోకస్ బిందువులకంటే ముందు చూడవలసిన విషయం.

పెంటాప్రిజం:

చీకటిగది గారితో ఏకీభవిస్తూనే ఒక సవరణ. స్పాట్ మీటరు ఎఫ్100లోనూ ఉంది, పైగా అది ఎంచుకున్న ఫోకస్ బిందువు వెంటే జరుగుతుంది. కనుక నా ఓటులో మార్పు లేదు.

బల్బ్‌మోడ్:

అంకెల గురించి అడిగారు కాబట్టి నేనూ రెండు మాటలు చెబుతాను. సెకనుకు 8 ఫ్రేముల వేగంతో 36 ఫ్రేముల రోలు నాలుగున్నర సెకన్లలో అయిపోతుంది. ఆ వేగం పత్రికా ఛాయాగ్రాహకులకు, క్రీడల వారికి అవసరమే. ఇంట్లో పిల్లలకు మాత్రం ఖర్చే తప్ప లాభం లేదు. సెకనులో 8000వ వంతు కూడా మిట్ట మధ్యాహ్నం ఎఫ్/1.4 తెరిచి తీయాలనుకునే వారికి తప్ప పెద్దగా అక్కరకు రాదు.

ఆ అంకె పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉండే ఫ్లాష్ సింక్ వేగం దానికంటే విలువైనది. షట్టర్‌కు రెండు తెరలు ఉంటాయి. ఒక వేగం దాటిన తరువాత మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది మూసుకోవడం మొదలవుతుంది, అంటే ఫిల్మ్ మీదుగా ఒక చీలిక మాత్రమే సాగుతుంది. ఫ్లాష్ క్షణకాలపు మెరుపు కాబట్టి ఆ చీలిక ఉన్న చోటే పడుతుంది. ఫ్రేము మొత్తం ఒకేసారి తెరుచుకుని ఉండే అత్యధిక వేగమే సింక్. ఎఫ్100లో అది 250వ వంతు. ఎండలో ఐఎస్ఓ 100 ఫిల్మ్‌తో ఆ వేగానికి సుమారు ఎఫ్/10 సరిపోతుంది. సింక్ 60వ వంతు మాత్రమే ఉన్న పాత కెమెరాలో అపర్చర్‌ను ఎఫ్/20 దాకా మూయాలి, అప్పుడు ముఖం మీది నీడలు నింపడానికి ఫ్లాష్‌కు నాలుగు రెట్ల శక్తి కావాలి.

ఫిల్మ్ కాలపు ఫ్లాష్ మీటరింగు గురించి కూడా ఒక మాట. ఫ్లాష్ వెలిగిన క్షణంలోనే ఫిల్మ్ ఉపరితలం నుంచి తిరిగి వచ్చే వెలుతురును కెమెరా అడుగున ఉన్న సెన్సర్ చదివి, చాలగానే ఫ్లాష్‌ను ఆపేస్తుంది. ఇవాళ్టి డిజిటల్ ఫ్లాష్‌లలో చాలావాటికి ఈ పద్ధతి తెలియదు. కాబట్టి బాడీతో పాటు ఆ కాలపు ఫ్లాష్ కూడా దొరుకుతుందో లేదో చూసుకోండి.

మూడోకన్ను:

ఎఫ్100 మీద ఓట్లు కుమ్మరించే ముందు ఒక లోపం చెప్పాలి. ఆ కెమెరాలో అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే సౌకర్యం లేదు. వెలుగునీడ గారు ట్రైపాడ్ మీద స్లైడ్ తీస్తారు. సెకనులో 15వ వంతు నుంచి అర సెకను దాకా ఉన్న వేగాల్లో, ముఖ్యంగా పొడవాటి లెన్సుతో, అద్దం కొట్టే దెబ్బకు బొమ్మ అదరడం కళ్లకు కనిపిస్తుంది. 1988 నాటి ఎఫ్4లో ఆ సౌకర్యం ఉంది. వ్యూఫైండర్ నూరు శాతం చూపుతుంది, ఏఐ లెన్సులకు మ్యాట్రిక్స్ ఇస్తుంది, ప్రతి పనికీ ఒక చక్రమో మీటో ఉండటం వల్ల ఎఫ్ఎమ్2 అలవాటున్న చేతికి కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ.

దూరదృష్టి:

మూడోకన్ను గారూ, ఎఫ్4లో నడుమ ఒకే ఒక్క ఫోకస్ ప్రాంతం ఉంది. ఎఫ్100తో పోలిస్తే దాని ఆటోఫోకస్ నిదానం, బరువూ ఎక్కువ. ప్రకృతి దృశ్యాలకు మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ అసలు ప్రశ్న పిల్లల ఫోకస్ తప్పడం గురించి కదా?

చీకటిగది:

ఇక్కడ ఒక విషయం అందరం వదిలేశాం. ప్రకృతి దృశ్యాలకు కావలసిన కెమెరా వెలుగునీడ గారి దగ్గర ఇప్పటికే ఉంది. ఎఫ్ఎమ్2లో సెల్ఫ్ టైమర్ మీట తిప్పి షట్టర్ నొక్కితే, టైమరు మొదలవగానే అద్దం పైకి లేస్తుంది, అపర్చర్ కూడా మూసుకుంటుంది. కొన్ని సెకన్ల తరువాత కుదుపంతా సద్దుమణిగాకే షట్టర్ తెరుచుకుంటుంది. ఎఫ్100లో లేని సౌకర్యం ఆ చిన్న మీటలో ఉంది. పైగా కదలని కొండను ట్రైపాడ్ మీద చేత్తో ఫోకస్ చేయడానికి కంటికి తొందర ఉండదు, భూతద్దం లాంటి ఐపీసు తగిలించుకోవచ్చు.

ఏఐ లెన్సులను ఆటోఫోకస్ బాడీ మీద వాడాలన్న ఆలోచన కూడా పునరాలోచించవలసినదే. ఆ బాడీల ఫోకసింగ్ తెర ప్రకాశం కోసం నునుపుగా చేసినది, మీ పాత కెమెరాలోని చీలిక ప్రతిబింబం (ఫోకస్ కుదిరితే రెండు ముక్కలు కలిసేది) అందులో ఉండదు. ఎఫ్/1.4 దగ్గర బొమ్మ నిజంగా కుదిరిందో లేదో ఆ తెర మీద కంటితో తేల్చడం కష్టం. ఫోకస్ కుదిరితే వెలిగే చుక్క సాయం చేస్తుంది గాని, కదిలే పిల్లల విషయంలో అది ఆలస్యమే.

వెలుగునీడ:

చీకటిగది గారి మాటతో లెక్క మారిపోయింది. స్లైడు, ట్రైపాడు, ఏఐ లెన్సులు ఎఫ్ఎమ్2కే వదిలేస్తే, కొత్త బాడీ పిల్లల కోసం మాత్రమే. అప్పుడు ఏఐ లెన్సులకు మీటరు లేదన్న కారణంతో తోసేసిన ఎఫ్80 మళ్లీ బరిలోకి వస్తుంది కదా?

పెంటాప్రిజం:

వస్తుంది, కాదనను. 2000లో వచ్చిన ఎఫ్80 బరువు 515 గ్రాములే. చిన్న ఫ్లాష్ బాడీలోనే ఉంది, చీకట్లో ఫోకస్‌కు సాయపడే దీపం కూడా ఉంది. ఈ రెండూ ఎఫ్100లో లేవు. బదులుగా మీరు వదులుకునేవి ఇవి: గరిష్ఠ వేగం 4000వ వంతు, సింక్ 125వ వంతు, ఐదు ఫోకస్ ప్రాంతాల్లో నడిమిది మాత్రమే క్రాస్ రకం. పక్క బిందువులను నమ్ముకోవాలనుకుంటే ఇప్పటికీ ఎఫ్100 వైపే మొగ్గుతాను.

బల్బ్‌మోడ్:

బ్యాటరీ తేడా కూడా చెప్పాలి. ఎఫ్100కు నాలుగు ఏఏ సెల్స్ చాలు, ఎక్కడైనా దొరుకుతాయి. ఎఫ్80కి రెండు సీఆర్123ఏ లిథియం సెల్స్ కావాలి. ఎఫ్ఎమ్2 బ్యాటరీ లేకపోయినా షట్టర్ కొడుతుంది. ఈ రెండు బాడీలు బ్యాటరీ అయిపోతే కదలవు.

వెలుగునీడ:

ఎఫ్80, దానితో 50 మి.మీ. ఎఫ్/1.8 ఏఎఫ్-డీ (బాడీ మోటారుతో తిరిగే రకం) లెన్సు తీసుకుందామనుకుంటున్నాను. వాడిన కెమెరాను చేతిలోకి తీసుకున్నప్పుడు ఏమేమి పరీక్షించాలి?

చీకటిగది:

వెనుక తలుపు తెరిచి, లెన్సు తీసి, రకరకాల వేగాల్లో షట్టర్ కొట్టి చూడండి. తెరల మీద నూనె జిడ్డు గాని, అరిగిన స్పాంజి మరక గాని ఉండకూడదు. తలుపు మీది రబ్బరు పూత వయసుతో జిగటగా మారిందేమో వేలితో తడమండి. అది పనితీరుకు సంబంధించినది కాదు గాని, చేతికి చిరాకు. ఎల్‌సీడీ అంకెలన్నీ పూర్తిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. ఫిల్మ్ గదిలో ఐఎస్ఓ చదివే బంగారు రంగు స్పర్శలను మెత్తని గుడ్డతో తుడిచి, ఐఎస్ఓ కోడున్న ఫిల్మ్ డబ్బా ఒకటి పెట్టి సరిగ్గా చదువుతోందో లేదో గమనించండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఫోకస్ పరీక్ష. వ్యూఫైండర్ తెర, అడుగున ఉన్న సెన్సర్, ఫిల్మ్ నిలిచే తలం మూడూ లెన్సుకు ఒకే దూరంలో ఉండాలి. అద్దం ఆగే చోటు కొంచెం జరిగినా, వ్యూఫైండర్లో సూదిలా ఉన్న బొమ్మ ఫిల్మ్ మీద మసకగా పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి షట్టర్‌ను బల్బ్‌లో (మీట నొక్కినంతసేపు తెరిచి ఉండే స్థానంలో) తెరిచి ఉంచి, లోపలి జత పట్టాల మీద గరుకు ప్లాస్టిక్ ముక్కను గరుకు వైపు లెన్సు వైపుకు ఉండేలా ఆనించండి. తెరలకు ఏదీ తగలకుండా చూడటం తప్పనిసరి. లెన్సును పూర్తిగా తెరిచి, ట్రైపాడ్ మీద నుంచి ఏటవాలుగా పెట్టిన స్కేలుకు ముందే ఆటోఫోకస్ చేసి, ఆ తరువాత మీటను చేత్తో ఫోకస్ స్థానానికి మార్చి షట్టర్ తెరవండి. ఏ గీతకు ఫోకస్ చేశారో అదే గీత ఆ ప్లాస్టిక్ మీద భూతద్దంలో పదునుగా కనిపించాలి.

వెలుగునీడ:

చాలా స్పష్టంగా ఉంది. చివరిగా ఒక్కటి. ఆ సహాయక దీపం ఉంటే చీకటి గదిలో పరుగెత్తే పిల్లలకు నిరంతర ఫోకస్ ధైర్యంగా వాడుకోవచ్చునా?

దూరదృష్టి:

అది కుదరదు. ఆ దీపం సింగిల్ సర్వోలో, అంటే ఒకసారి కుదిరి ఆగే ఫోకస్‌లో మాత్రమే వెలుగుతుంది. ముందున్న మీటను నిరంతర ఫోకస్‌కు తిప్పగానే అది పనిచేయదు. పొడవాటి లెన్సు హుడ్ పెట్టినా దీపానికి అడ్డొస్తుంది. గదిలో సింగిల్ సర్వో పెట్టుకుని, నడిమి బిందువును కంటి దగ్గరి రెప్పల గీత మీద నిలిపి, ఫోకస్ కుదిరిన వెంటనే నొక్కేయండి. నిరంతర ఫోకస్‌ను కిటికీ పక్కకో ఆరుబయటకో అట్టే పెట్టుకోండి.